వెనక వరుసలో తుండుగుడ్డ

మద్రాసు,
11 జూలై 1958.

ప్రియమైన బావ ఏసుపాదానికి, రత్నరాజు వందనాలు.

నీ కార్డు అంది నెల దాటింది. జవాబు రాయలేదని తిట్టుకునే ఉంటావు. తిట్టుకో. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఒకే సంగతి అడ్డం పడుతోంది. అది రాసేస్తే గాని మిగతావి కలంలోంచి కదిలేలా లేవు.

నా చెవులు పోతున్నాయి. మొత్తం కాదు. మాట వినబడుతుంది, తబలా వినబడుతుంది. సన్నటి చప్పుళ్లు పోయాయి. ఈ ఏడు వానలు పడ్డా కీచురాళ్లు అరవడం లేదేమిటని మా ఇంటి ఓనరు గారితో అన్నాను. ఆయన నా మొహం అదోలా చూసి, "అరుస్తూనే ఉన్నాయి కదండీ" అన్నారు. మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన అన్ని పరీక్షలూ చేసి, ఇంతకు ముందు ఎక్కడ పనిచేశావని అడిగాడు. గుడివాడలో మైకు సెట్లు అద్దెకిచ్చే కొట్లో పదేళ్లు అన్నాను. ఇంకేమీ అడగలేదు. పలుకుతోందో లేదో చూడటానికి మనిద్దరం హారనులో తల దూర్చేవాళ్లం, గుర్తుందా? దాని ఫలం ఇది. పోయింది తిరిగి రాదట.

రికార్డింగు ఇంజనీరుకి చెవుడంటే ఇక చెప్పేదేముంది. తెలిసిన రోజే ఇంటికి పంపిస్తారు. నాకు నలభై ఆరేళ్లు. పాటని రికార్డు మీదికి ఎక్కించడం తప్ప ఇంకో పని చేతకాదు బావా. ఈ పని కూడా లేకపోతే పొద్దున లేచి ఎందుకు మొహం కడుక్కోవాలో నాకు తెలియదు.

అందుకని ఒకటి అడుగుతున్నాను. అచ్చు వెయ్యడానికి ముందు కలకత్తా ఫ్యాక్టరీ నుంచి శాంపిలు రికార్డులు రెండు వస్తాయి. నేను విని సరే అంటే మా మేనేజరు సోమేశ్వరరావు గారు సంతకం పెడతారు. నా మాట మీదే పెడతారు. అందులో ఒకటి నీకు పంపుతాను. కొట్లో నీ గ్రామఫోను మీద వేసి విని, నీకు వినబడింది ఉన్నదున్నట్టు రాయి.

బందరు సువార్త సభల్లో నేను యాంప్లిఫయరు దగ్గర కూచునేవాణ్ణి. నువ్వు వెనక్కి పరిగెత్తి, ఆడవాళ్ల చివరి వరుస పక్కన నిలబడేవాడివి. నువ్వు తుండుగుడ్డ ఎత్తితే నేను పెంచేవాణ్ణి, దించితే తగ్గించేవాణ్ణి, భుజాన వేసుకుంటే సరిపోయిందని వదిలేసేవాణ్ణి. నేను నేర్చుకున్న పనంతా ఆ తుండుగుడ్డలోంచే వచ్చింది. మళ్లీ అక్కడ నిలబడు. ఇంట్లో వినిపించి అడుగుదామంటే నా ఇల్లాలు కృపమ్మ పోయి మూడేళ్లయింది.

ఇది మనిద్దరి మధ్యే. నీ ఇంట్లో చెల్లెమ్మ మాణిక్యానికి కూడా చెప్పొద్దు.

నీ
రత్నరాజు.


గుడివాడ,
3 ఆగస్టు 1958.

బావా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఓదార్చడం నాకు రాదని నీకు తెలుసు, కాబట్టి ఆ పని పెట్టుకోను. పార్సిలు ఊకలో భద్రంగా వచ్చింది. స్టేషన్లో కూలీ "ఏందండీ ఇది, కోడిగుడ్లా?" అని అడిగాడు. అవున్రా, పాట పొదుగుతాం అన్నాను.

ఇక తీర్పు విను. గొంతు బాగుంది. వీణ మాత్రం గొంతు నెత్తినెక్కి కూచుంది. మొదటి చరణంలో పోపులో ఆవాలు పేలినట్టు రెండుసార్లు చిటపటమంది. అది రికార్డు గీత కాదు, పాట లోపలే ఉంది. రెండో వైపు చివర గాజుల మోత. పాడే ఆవిడ ఒక చేతికే గాజులు వేసుకుంది. అవి ఉత్త మట్టిగాజులూ కాదు, ఉత్త బంగారంవీ కాదు. రెండూ కలిపి వేసుకుంది.

వెనక వరుసలో మనిషి ఉన్నాడు. నువ్వు భయపడకు.

నీ బావ
ఏసుపాదం.


మద్రాసు,
20 నవంబరు 1958.

బావా,

ఆ గాజుల సంగతి పరీక్షించాను. మళ్లీ పాడటానికి వచ్చినప్పుడు ఆవిణ్ణి అడిగితే నవ్వి చెయ్యి చాపింది. మట్టిగాజులకి అటూ ఇటూ రెండు బంగారు గాజులు. నీకు ఇంత చెవి ఉందని ఇన్నాళ్లూ నాకు తెలియదు. ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆవాలు పేలడం, పప్పు నలగకపోవడం, ఉప్పు తక్కువైన పులుసు లాంటి ఫిడేలు... నువ్వు వంటింట్లోకి ఎప్పుడు అడుగు పెట్టావు?

నీ ఉత్తరాలు పక్కన పెట్టుకునే పనిచేస్తున్నాను. గాజులు తీయించి రుమాల్లో కట్టిస్తున్నాను. తబలా కింద గోనెపట్టా వేయిస్తున్నాను. పాడేవాళ్లని చెప్పులు విప్పించి చాప మీద నిలబెడతాను. పాట మొదలెట్టే ముందు పొద్దున ఏం తిన్నారని అడుగుతాను. జవాబు చెప్పే గొంతే అసలు గొంతు. ఆ గొంతు మైకుకి ఎన్ని జానల దూరంలో నిలబడాలో అప్పుడు లెక్క కడతాను. సన్నటి చప్పుళ్లు తప్ప ఇవన్నీ ఇంకా నా చేతిలోనే ఉన్నాయి.

ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినను. పాడే మనిషి ఊపిరి పీల్చుకునే చప్పుడు తీసెయ్యమని మేనేజరు గారు అంటారు. నేను తియ్యను. ఊపిరి లేని పాట మనిషిది కాదు. అది వినబడితే లోపమని రాయకు. అది ఉండాల్సిందే.

మూల రికార్డు మీద, లేబులు పక్కన నునుపుగా మిగిలే చోట, ఎవరు చేశారో తెలియడానికి మేం సూదితో ఒక అక్షరం గీస్తాం. నాది 'ర'. ఈ మధ్య అది గీసేటప్పుడు చెయ్యి ఆగుతోంది. సగం నీ పేరు కూడా అక్కడ ఉండాలనిపిస్తోంది.

నీ
రత్నరాజు.


గుడివాడ,
17 ఫిబ్రవరి 1959.

బావా,

నా పేరు ఎందుకులే. అక్షరం గీయించుకునేంత పని నేనేం చేశాను. వంటింటి సంగతి అడిగావు. మా కొట్టుకీ వంటింటికీ మధ్య ఉన్నది ఒక తడికే, ఆ వాసన మాటలకి పట్టింది.

రేడియో రిపేర్లు తగ్గించాను. పిలిచినా పలకడం లేదని మాణిక్యం రోజూ దులుపుతోంది. మొగుడన్నవాడు పలక్కపోవడం కొత్తా?

పంపిన రెండూ బాగున్నాయి. రెండో దాంట్లో ఫ్లూటు వాయించేవాడికి జలుబు చేసింది, చూసుకో. ఊపిరి చప్పుడు ఉంది. ఉండనివ్వమన్నావుగా, ఉండనీ.

ఏసుపాదం.


మద్రాసు,
6 ఆగస్టు 1959.

బావా,

పని తొందరలో ఉన్నాను. ఈ పార్సిల్లో ఉన్నది ఇందిరాదేవి పాడిన జోలపాట. ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీలో గుమాస్తా గారి అమ్మాయి. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. మొదటి రికార్డు. పొద్దున ఏం తిన్నావమ్మా అని అడిగితే "భయమేసి ఏమీ తినలేదండీ" అంది. ఆ గొంతు విన్నాక నాకు చాలా ఏళ్ల తర్వాత ఈ పని మీద మళ్లీ ఇష్టం కలిగింది.

మా గదిలో కొత్త యాంప్లిఫయరు బిగించారు. దాని లోపల ఏం జరుగుతోందో నాకు అంతుపట్టడం లేదు. హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని విన్నది నేనొక్కణ్ణే, నా వినికిడి సంగతి నీకు తెలుసు. జాగ్రత్తగా విను. పదిహేనో తారీకు లోగా జవాబు కావాలి.

రత్నరాజు.


గుడివాడ,
12 ఆగస్టు 1959.

బావా,

పార్సిలు అందింది. మాణిక్యం వాళ్లమ్మకి జ్వరమని దివిసీమ వెళ్లింది, కోడూరు. పులిగడ్డ దాకా నేనే దిగబెట్టి వచ్చాను. ఎప్పుడొస్తుందో తెలియదు. వంట నేనే, వడ్డన నేనే.

రికార్డు బాగుంది. లోపమేమీ లేదు.

ఏసుపాదం.


మద్రాసు,
9 అక్టోబరు 1959.

ఏసుపాదానికి,

రెండు వేల రికార్డులు అచ్చయి బజారుకి వెళ్లాక తెలిసింది. జోలపాట మొదలు నుంచి చివరి దాకా వెనకాల సన్నగా ఈల ఉందట. కొత్త యాంప్లిఫయరు చేసిన పని. చిన్నపిల్లలకి కూడా వినబడుతోందట. ఒక దుకాణదారు పెట్టెలు తిప్పి పంపుతూ "పాట మీదా, దోమదా?" అని కాగితం పెట్టాడు. ఆ కాగితం సోమేశ్వరరావు గారు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

ఇందిరాదేవి వాళ్ల నాన్న గారు ఉయ్యూరు నుంచి వచ్చారు. "మా అమ్మాయి గొంతులో ఏదన్నా దోషం ఉందాండీ?" అని అడిగారు. లేదండీ, దోషం నాదే అన్నాను. ఆయన నమ్మలేదు. పెద్దవాణ్ణి, మర్యాదకి అంటున్నాననుకున్నారు. ఆ పిల్ల పాడటం మానేసిందట.

నేను అలిసిపోయాను. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. ఒక్కటే చెప్పు. మట్టిగాజులకీ బంగారు గాజులకీ తేడా పట్టినవాడివి, ఇంత ఈల ఎలా వదిలేశావు? అసలు విన్నావా? వినకుండా రాశావా?

రత్నరాజు.


గుడివాడ,
29 అక్టోబరు 1959.

అన్నయ్య గారికి, మాణిక్యం రాసేది.

మీ ఉత్తరం చదివి ఆయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలా. మూడో రోజు చొక్కా ఉతుకుదామని తీస్తే జేబులో దొరికింది. చదివాను. దాని తర్వాత పెట్టె తీసి పాతవన్నీ చదివాను. చదవకూడదని తెలుసు. నాది ఐదో క్లాసు చదువు, తప్పులుంటే సర్దుకోండి.

విన్నావా అని అడిగారు. విన్లా. ఆయనకి వినపడదు. మీకంటే ముందే పోయినయ్. మీరు హారన్లో తల దూర్చినప్పుడల్లా పక్క హారన్లో ఆయన తల లేదూ? ఐదేళ్ల నుంచి ఆయన బాగుచేసిన రేడియో పలుకుతోందో లేదో తడిక అవతల నుంచుని నేనే చెబుతున్నా. పెదాలు చూసి బేరాలు చేస్తాడు. ఊళ్లో ఎవరికీ తెలీదు.

మీ మొదటి పార్సిలు వచ్చిన రోజు నన్ను పిలిచి, "బావ సరదాకి పంపాడు, విని చెప్పు" అన్నాడు. నేను చెప్తుంటే రాసుకున్నాడు. అట్టా పదమూడు రికార్డులు విన్నా. బియ్యం ఏరుతూ విన్నా, పిండి రుబ్బుతూ విన్నా. గాజులు రెండు రకాలని చెప్పింది నేనే. అందుకే మీకు ఆవాలూ పప్పూ వచ్చినయ్. ఇద్దరు మగాళ్లకి చెవుడు, మీరేమో నాకు చెప్పొద్దంటారు, ఆయనేమో మీ దగ్గర దాచాడు, మధ్యలో నన్ను కూచోబెట్టి నాకే చెప్పలా. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది.

ఆ పిల్ల రికార్డు వచ్చినప్పుడు నేను కోడూరులో ఉన్నా. అమ్మకి జ్వరం తగ్గి నేను వచ్చేసరికి నెలయింది. వచ్చాక కూడా ఆయన చూపించలా. నిన్న నేనే వేసి విన్నా. ముల్లు ఆనించడమే ఈల, చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టు. దాని కింద ఎంత బాగా పాడింది ఆ పిల్ల. పొయ్యి మీద పాలు పొంగిపోయినా నేను లేవలా. నాకెవరన్నా ముందే చెప్పుంటే, కోడూరు నుంచి ఒక్క పూట వచ్చి విని వెళ్లేదాన్ని గదా.

నాకు చెప్పొద్దని రాశారు మీరు. ఎందుకన్నయ్య గారూ?

మాణిక్యం.


మద్రాసు,
8 నవంబరు 1959.

చెల్లెమ్మ మాణిక్యానికి,

ఎందుకని అడిగావు. వారం రోజులు ఆలోచించాను. సిగ్గు ఒకటి. ఇంకోటి రాయడానికి ఇబ్బందిగా ఉంది. బందరు సభల్లో ఆడవాళ్ల చివరి వరుస పక్కన ఏసుపాదం నిలబడేవాడని ఎంతో గొప్పగా రాశాను. ఆ వరుసలో కూర్చున్నవాళ్లని "మీకు వినబడుతోందా అమ్మా" అని మేమిద్దరం ఏనాడూ అడగలేదు. పదేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. అదే మేం చేసిన తప్పు, ఇప్పుడూ అదే చేశాం.

నీ ఉత్తరం అందిన రోజే సోమేశ్వరరావు గారి గదిలోకి వెళ్లి నా చెవుల సంగతి చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ముందే చెబితే పోయేదేముందయ్యా?" అన్నారు. "చెబితే ఉంచేవారాండీ?" అని అడిగాను. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "ఉంచేవాణ్ణి కాదు" అన్నారు. అబద్ధం ఆడనందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఈ ఏడాది చివరితో నా ఉద్యోగం అయిపోతుంది. పోయే ముందు ఆ జోలపాట మళ్లీ చేసి పోతానని అడిగాను. ఒక్క పూట ఇస్తామన్నారు. ఇందిరాదేవి ఇంటికి నేనే ఉయ్యూరు వెళ్లి, ఆ పిల్ల ముందు, వాళ్ల నాన్న గారి ముందు, నాకు చెవుడమ్మా, నీ గొంతుకి ఏ దోషమూ లేదు అని చెప్పాను. ఆ పిల్ల నా చెవుల వంక చూసింది. తర్వాత "ఈసారి ఎవరు వింటారండీ?" అని అడిగింది. మా చెల్లెమ్మ అన్నాను. నిన్నడక్కుండానే అనేశాను.

డిసెంబరు పదహారున రాగలవా? తడిక అవతల కాదు. గాజు గదిలో, నా పక్కన కుర్చీలో. వింటున్నది మాణిక్యం అని అందరికీ చెప్పే కూచోబెడతాను. రానంటే అడిగే హక్కు నాకు లేదు.

అన్నయ్య
రత్నరాజు.


గుడివాడ,
15 నవంబరు 1959.

బావా,

మాణిక్యం రాసిందంతా నిజం. నీ చెవులు పోయాయని నువ్వు రాసిన రోజున, నావీ పోయాయి బావా అని రాద్దామనే కూర్చున్నాను. చెయ్యి రాలేదు. వెనక వరుసలో ఎవడో ఒకడు ఉన్నాడనే ధైర్యం నీకు ఉండాలి కదా అనుకున్నాను. మీ చెల్లెమ్మ ఊళ్లో లేని రోజున కూడా "బాగుంది" అని రాయడం మాత్రం ధైర్యమివ్వడం కాదు, పొగరు. మాణిక్యం లేకపోతే నేను ఉత్త చెవిటివాణ్ణని నీకు తెలియడం నాకు ఇష్టం లేకపోయింది. దానికి ఆ పిల్ల బలైంది. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

వస్తానంది. నాతో మాట్లాడటం లేదు గాని, పెట్టె సర్దుతోంది. నా పాత తుండుగుడ్డ ఉతికి ఆరేసింది. అది ఎందుకని అడిగితే, "మీకు నోటితో చెబితే వినపడి చావదుగా" అంది. ఏడాదిన్నర తర్వాత నాకు నవ్వొచ్చింది.

ఏసుపాదం.


గుడివాడ,
21 ఫిబ్రవరి 1960.

అన్నయ్య గారికి,

పార్సిలు నిన్న వచ్చింది. అదే కూలీ తెచ్చాడు. ఊక దులిపి, కొంగుతో తుడిచి, ముందు నేనొక్కదాన్నే విన్నా. తర్వాత ఆయన్ని పిలిచా. ఆయన చెయ్యి గ్రామఫోను పెట్టె మీద ఆనించి కూచున్నాడు. తబలా చేతికి తెలుస్తోందన్నాడు. అయిపోయాక "ఎట్టా ఉంది?" అన్నాడు. కాయితం తెచ్చుకోబోయాడు గూడా, పాత అలవాటు. వద్దు, ఈసారి నేనే రాస్తానన్నా.

ఆ రోజు మీ గాజు గదిలో కుర్చీ అంచున కూచున్నా. పెద్దాయన సోమేశ్వరరావు గారు లోపలికొచ్చి నన్ను చూసి, "ఈవిడేనా?" అన్నారు. "ఈవిడేనండీ" అన్నారు మీరు. అంతవరకూ నేను పాట వింటున్నానని ఎవరితోనూ ఎవరూ అన్లా. ఆ పిల్ల అద్దం అవతల నుంచి నా వంక చూసింది. నేను పొద్దున ఏం తిన్నావని సైగ చేశా. ఇడ్లీ అని పెదాలు కదిపి, వేళ్లు మూడు చూపించి నవ్వింది. అప్పుడు కుర్చీలో వెనక్కి జరిగి కూచున్నా.

మూడుసార్లు తుండుగుడ్డ దించా, మూడుసార్లూ మీరు ఆపారు. ఒకసారి ఈల మళ్లీ తగిలింది, ఒకసారి ఫిడేలు మించింది, ఒకసారి బయట ఎవడో సైకిలు బెల్లు కొట్టాడు. నాలుగోసారి ఒళ్లో పెట్టుకుని కూచున్నా. మీరు పాట వినలా, చివరిదాకా నా చేతుల వంకే చూస్తున్నారు. మీ మొహం చూసి ఏడుపొచ్చింది గాని, ముక్కు చీదితే రికార్డు పాడైపోద్దేమోనని ఆపుకున్నా.

రికార్డు తుడిచేటప్పుడు లేబులు పక్కన వేలికి ఏదో తగిలింది. వెలుగులో పెట్టి చూశా. ఇంట్లో ఉన్న పాత రికార్డులన్నిటి మీదా 'ర' ఉంది, నాకు తెలుసు. దీని మీద 'మా' అని ఉంది. ఆయన వేలు పట్టుకుని దాని మీద పెట్టా. "ర కాదే" అన్నాడు. కాదన్నా. చాలాసేపు ఆ వేలు అక్కణ్ణుంచి తియ్యలా. ఆ సంగతి మీకు రాయమన్నాడు, రాస్తున్నా.

వచ్చే నెల సామానుతో వచ్చేస్తున్నానని రాశారు. రండి. కొట్లో రెండో బల్ల ఖాళీగా ఉంది. మీరిద్దరూ బాగుచెయ్యండి, నేను విని చెబుతా. ఈసారి తడిక తీసేయించా.

ఇంకొక్కటి. రెండో చరణం మొదట్లో, బిడ్డ పేరు పిలవబోయే ముందు, ఆ పిల్ల ఊపిరి పీల్చుకున్న చప్పుడుంది. చాలా సన్నగా ఉంది. మీకు వినపడి ఉండదు. ఆ రోజు అది వినపడ్డప్పుడు పెద్దాయన నా వంక చూసి చెయ్యెత్తారు, ఆపమని. నేను తుండుగుడ్డ కదిలించలా. ఊపిరి లేని పాట మనిషిది కాదని మీరు రాసిన ముక్క మా ఆయన అప్పట్లో నాకు చదివి వినిపించాడు.

అది అట్టాగే ఉంది, అన్నయ్య గారూ.

మాణిక్యం.